పాత నీరు

వాగుర్ హార్బరు ఆఫీసు వెనక గదిలో
చిరిగిన వలల పక్కన
ఇరవై ఎనిమిదేళ్లుగా ఆగకుండా తిరుగుతోంది
గోధుమరంగు పెట్టె ఒకటి.
హానుస్ దాన్ని ముసల్ది అంటాడు,
తనకంటే నలభై ఏళ్లు చిన్నదైనా.

నేను తెచ్చింది ఒక భాష, మూటగట్టి.
పెర్ల్ దాని పేరు.
సముద్రం రాసిన అంకెల్ని ప్రశ్నలడగడానికి
నాకు వచ్చిన నోరు అదొక్కటే.

గుమ్మంలోనే ఆపింది ముసల్ది.
ఫైలు పేరులో ఒక్క చుక్కకే చోటట.
మిగిలిన చుక్కల్ని గీతలుగా సాగదీసి
అక్షరాలన్నీ పెద్దవి చేసి
అప్పుడు రానిచ్చింది లోపలికి.
మా అమ్మమ్మ పేరూ ఇంతే,
చర్చి రిజిస్టర్లో డేనిష్ పాదిరీ నోరు తిరిగినట్టుంది.

మొదటి రాత్రి కంపైలర్ నూట పన్నెండు తప్పులు చూపింది.
రెండో రాత్రి పదకొండు.
మూడో రాత్రి నూట నలభై.
ఆ రాత్రి గురించి మాట్లాడను.

గాలికి ఎండిన గొర్రె మాంసం కత్తితో చెక్కి పెడుతూ
"నావి చెరిపేస్తావా, రన్‌వా?" అన్నాడు హానుస్.
"ఇది చెరపదు కదా!"
నిజమే. ఇక్కడ ఫైలు మార్చి దాచితే
పాతది లేచిపోదు, కాస్త జరిగి కూచుంటుంది.
పేరు చివర సెమికోలన్, దాని వెనక ఒక అంకె:
ఒకటి, రెండు, పదమూడు.
కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోవడం
ఈ యంత్రానికి ఎవరూ నేర్పలేదు.

ఐదో రాత్రి భాష ఊపిరి తీసుకుంది.
తెర నిండా పరీక్షలు సరే, సరే, సరే అంటూ పైకి పాకాయి.
ఒక్కటి మాత్రం కాదంది, కాలానికి సంబంధించింది.
వేలల్లో ఒకటి, పోనీ అనుకున్నాను.
ఇన్‌స్టాల్ చేసి తొలి ప్రశ్న అడిగాను:
అన్నిటికంటే ఎత్తుకు నీళ్లు ఎప్పుడొచ్చాయి?

2093 మార్చి 20, ఉదయం ఏడు ఇరవై ఎనిమిది.
రెండు మీటర్ల ఎనభై.

నవ్వబోయి హానుస్ మొహం చూసి ఆగాను.
"యాభై ఏడు, ఫిబ్రవరి పన్నెండు.
రాత్రి ఒంటిగంట.
అమ్మ లాంతరు నెత్తికెత్తి
నడుం లోతు నీళ్లలో కొలబద్ద చదివింది.
మా పడవల కొట్టం పోయింది ఆ రాత్రే."

ఈ భాష గడియారం డెబ్బైలో మొదలవుతుంది.
అంతకు ముందుకు పోవాలంటే
సున్నాకి ఇవతల నడవాలి.
అరువు తెచ్చుకున్న లైబ్రరీకి మైనస్ గుర్తు తెలీదు.
వెనక్కి వేసిన అడుగుని
నూట ముప్పై ఆరేళ్లు ముందుకు విసిరేసింది.

ముసల్ది మాత్రం తన దినాలు
1858 నవంబరు పదిహేడు నుంచీ లెక్కపెట్టుకుంటోంది.
ఆ రాత్రి దానికి తెలుసు.
నేనే తప్పు కిటికీ దగ్గర నిలబడి అడిగాను.

తిన్నగా దాని గడియారాన్నే అడిగేలా
ఇరవై మూడు వరసలు రాశాను.
పద్నాలుగో వెర్షన్.
సరే, అంది.
మలన్ లాంతరు మళ్లీ యాభై ఏడులో వెలిగింది.

"ముందు చెప్పిన తేదీ తప్పేం కాదు," అన్నాడు హానుస్,
కిటికీ అవతల గట్టుకి కొట్టుకుంటున్న నీళ్ల వైపు తల ఊపి.
"అప్పుడూ వస్తుందిలే."

డిస్కులో నాలుగు శాతం చోటు మిగిలింది.
పని ముగిశాక పాత వెర్షన్లు ఊడ్చెయ్యమని మాన్యువల్ మాట.
పర్జ్ అని టైపు చేశాను కూడా.
హానుస్ కెటిల్ పెట్టడానికి లేచాడు, చూడలేదు.
ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపి
ఎంత చక్కెర వెయ్యాలో చెప్పాను.