వేగం పెంచని భాగాలు

జనవరిలో హాంకాక్‌లో పగలంటే
అగ్గిపుల్ల వెలిగి ఆరినంత సేపు.
షెడ్డు తలుపు భుజంతో నెట్టుకొచ్చి
బూట్ల మంచైనా దులపకుండా
సెన్యా నా ముందు కాగితం చాపింది.
లెక్కల పుస్తకంలోంచి చింపిందే.
పెద్ద క్యామ్‌షాఫ్ట్, పెద్ద కార్బురేటర్,
పాములా మెలి తిరిగిన సైలెన్సర్ గొట్టం,
అన్నిటికన్నా కింద, రెండు గీతలు కొట్టి,
"గవర్నర్ పీకెయ్యాలి."

పద్నాలుగేళ్ళ పిల్ల.
ఇరవై మూడు ఇళ్ళ కప్పులెక్కి మంచు తోడితే
వచ్చిన రెండువందల ముప్ఫై డాలర్లు
కాఫీ డబ్బాలో, చిల్లరతో సహా.

బల్ల మీద ఇంజను.
ఒక్క సిలిండరు, రెండొందల పన్నెండు సీసీలు.
ఈ వీధిలో సగం మంది మంచు ఊదుకునేది దీనితోనే.

గవర్నర్ అంటే రాజభవనమూ
రిబ్బన్లు కత్తిరించడమూ కాదు.
ఒక ప్లాస్టిక్ పళ్ళచక్రం, దాని మీద
చిటికెనవేలి గోరంత బరువులు రెండు.
ఇంజను మరీ ఉరికితే అవి విచ్చుకుని
థ్రాటిల్ చెవి పట్టుకుని వెనక్కి లాగుతాయి.
నిమిషానికి మూడువేల ఆరువందల చుట్లు,
చాల్లే, అంటాయి.

"అదే నాకు అడ్డం," అంది సెన్యా.
ఔను. అడ్డమే.

టార్చి తీసి పైకి వేశాను.
దూలంలో, నా తలకి రెండు జానల ఎత్తున,
తుప్పు పట్టిన లోహపు ముక్క.
నలభై ఒక్కేళ్ళుగా ఎవరూ పీకలేదు.
వేరే ఇంజను, పాతది, ఐదు గుర్రాలది.
నా తమ్ముడు ఆర్వో గవర్నర్ తీసేసి
పోతపోసిన ఫ్లైవీల్ అలాగే ఉంచేసి
ఈ బల్ల దగ్గరే థ్రాటిల్ లాగి పట్టుకున్నాడు.
చప్పుడు నాకు గుర్తు లేదు.
తర్వాత వాడు గ్లవ్ వేసుకున్న చేత్తోనే
చెవి ఎక్కడుందో తడుముకోవడం గుర్తు.

(బతికే ఉన్నాడు. మార్క్వెట్‌లో చేపల పడవ నడుపుతాడు.
ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడు.)

సెన్యా కాగితం తిరగేసి, వెనక నేను రాశాను.
ఒకే దిమ్మలోంచి చెక్కిన ఫ్లైవీల్.
ఒకే దిమ్మలోంచి చెక్కిన కనెక్టింగ్ రాడ్.
రెండూ కలిపి నూట తొంభై ఆరు.

"వీటితో ఎంత స్పీడు పెరుగుతుంది?"
పెరగదు.
"కొంచెం కూడా?"
ఆవగింజంత కూడా.

ఏలకుల రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.
డబ్బా మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.
ఏ కప్పు మీద జారిందో, ఏ ముసలాయన
రెండు డాలర్లు తగ్గించి ఇచ్చాడో
అంతా నోట్లతో పాటు లెక్కపెడుతోంది కాబోలు.
నేను స్టవ్‌లో కట్టె వేసి అటు తిరిగి నిలబడ్డాను.
ఎవరైనా చూస్తుంటే సరైన పని చెయ్యడం
ఆ వయసులో మహా కష్టం.

మిగిలిన ముప్ఫై నాలుగులో
నూనె పట్టించిన ఎయిర్ ఫిల్టరొకటి, ఒక జెట్.
జెట్ ఇత్తడిది, కందిగింజకన్నా కాస్త పెద్దది.
నడుమ బెజ్జం వెంట్రుకవాసి వెడల్పైతే చాలు,
ఇంజను ఇంకో గుక్క పెట్రోలు తాగుతుంది.
దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని
ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

గవర్నర్ సంగతి తను అడగలేదు.
నేనూ చెప్పలేదు.

మే నెల. సంత మైదానం వెనక మట్టి ట్రాకు.
ఏడో చుట్టులో, తిన్నని దారిలో,
ఆగాల్సిన చోట ఆ శబ్దం ఆగలేదు.
ఇంకా పైకి, ఇంకా పైకి పోయింది,
నా చెయ్యి నాకు తెలియకుండానే
నా చెవి మీదికి పోయింది.

ఏమీ జరగలేదు.

నూట తొంభై ఆరు డాలర్లకి
మేము కొన్నది అదే.

తొమ్మిది మందిలో ఆరో స్థానం.
హెల్మెట్ ఇంకా పూర్తిగా ఊడనైనా లేదు,
"క్యామ్‌షాఫ్ట్ ఎంతన్నావ్?" అంటోంది,
మొహమంతా బురద,
పళ్ళు తప్ప.