ద్వివచనం

పదకొండో రోజుకి నగరాలన్నీ ఒకటే అయిపోయాయి.
అదే గడియార స్తంభం, అదే వంతెన,
వంతెన కమ్మీలకి అవే తాళంకప్పలు.
బడిపంతులు ఇంటి అలవాటు, నోటుబుక్కులో మార్కులు వేస్తూ వచ్చాను.
పారిస్‌కి డెబ్భై రెండు, ప్రాగ్‌కి ఎనభై,
వియన్నాకి, కాఫీ ఖరీదు చూశాక, అరవై ఎనిమిది.
తొంభైలు వెనిస్ కోసం దాచిపెట్టాను.

మారిబోర్‌కి గడి కూడా గీయలేదు.
అక్కడ నేను దిగాల్సిందే కాదు.
గ్రాట్స్ దాటాక వాన పట్టుకుంది,
ముందెక్కడో కొండచరియ వచ్చి పట్టాల మీద కూర్చుందట.
మైకులో ఒక గొంతు చాలాసేపు ఏదో చెప్పింది.
అందరూ సణుగుతూ సంచులు దింపారు.
నేనూ దింపాను.

రెండో నంబరు ప్లాట్‌ఫాం. తడి బెంచీ.
ఆ చివర ఒక ముసలావిడ,
కాళ్ళ దగ్గర బుట్టలో ఉల్లికాడలు, ఒక నల్లటి సీసా.
నన్ను ఎగాదిగా చూసి
వేలు నా వైపు తిప్పింది, తర్వాత తన వైపు:
"చాకవా."

తెలియదన్నట్టు బుర్ర ఊపాను.
పేరు మిలోయ్‌కా. మేజోళ్ళ మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు.
మిల్లు మూసేశాక, ఊరికే కూర్చోలేక,
మనవడి పుస్తకాల్లోంచి ఇంగ్లీషు నేర్చుకుందట.
వేళ్ళు మడుస్తూ పాఠం చెప్పింది.
ఒక్కరే ఎదురుచూస్తుంటే చాకమ్.
ముగ్గురో ముప్పైమందో అయితే చాకమో.
ఇద్దరైతే, సరిగ్గా ఇద్దరే అయితే, చాకవా.

ద్వివచనం!
రామః రామౌ రామాః అని
ఎనిమిదో తరగతిలో ఊగుతూ వల్లిస్తూ
ఈ మధ్య గడి ఎవడికి పనికొస్తుందని తిట్టుకున్నానే,
అది ఇక్కడ, ఈ వానలో, ఇంకా బతికే ఉంది,
ఉల్లికాడలు కొనుక్కుని ఇంటికెళ్తోంది.

బదులుగా నా దగ్గరున్నది ఇచ్చాను.
'మేము' అంటే నువ్వు గుమ్మం బయట,
'మనం' అంటే నువ్వు లోపల.
ఆవిడ రెండు మాటలూ నోట్లో తిప్పి చూసింది,
రాయి తగులుతుందేమోనని అన్నం నమిలినట్టు.
"మనమ్," అంది.
'మేము' మళ్ళీ అనలేదు.

సీసా మూత తీసింది.
గుమ్మడిగింజల నూనె, రాత్రి అడవంత ఆకుపచ్చ.
రొట్టె ముక్క మీద పోసి చేతిలో పెట్టింది,
ఒక చుక్క నా రైలు పాసు మీద పడింది.

ఏడింటికి పట్టాలు బాగయ్యాయి. రైలొచ్చింది.
నేను ఎక్కలేదు.
ఎందుకంటే ఇప్పటికీ చెప్పలేను.
ఉల్లికాడల బుట్ట నా చేతిలో ఉంది, అదొక్కటే గుర్తు.

ద్రావా నది ఒడ్డున, గోడకి పాకిన ద్రాక్షతీగ.
నాలుగు వందల ఏళ్ళది, ఊరి మీద బాంబులు పడ్డా పోలేదు.
పక్కింటి కుక్కని నిమిరినట్టు దాని మొదలు నిమిరి
"దీనికి మోకాళ్ళు లేవు, అందుకే బతికింది," అంది.
పై వీధిలో ఒక కిటికీ తెరిచి ఉంది,
ఎవరో చొక్కా ఇస్త్రీ చేస్తున్నారు, కాలరు దగ్గర ఓపిగ్గా.
అక్కడే నిలబడి చూశాను.
దానికి టికెట్టు లేదు, క్యూ లేదు,
నా వెనక ఫొటో కోసం తొందరపెట్టేవాళ్ళు లేరు.
ఈ ఊళ్ళో ఒక చొక్కా నాదయితే బాగుండుననిపించింది.

తర్వాత వెనిస్ చూశాను. అందంగానే ఉంది.
మార్కులు వెయ్యడం మర్చిపోయాను.

పాసు మీద మరక పెరిగి తేదీ సగం మింగేసింది.
ప్రతి టికెట్ కలెక్టరూ దీపానికి ఎత్తి పట్టుకుని
ఏమిటిదని అడుగుతాడు.
నూనె అంటాను. కావాలంటే వాసన చూడమంటాను.
ఒకాయన నిజంగానే చూశాడు.
కాసేపు అలాగే పట్టుకుని
చిల్లు కొట్టకుండా ఇచ్చేశాడు.