ఒక గీత ఎక్కువ

జగదాంబ నుంచి దిగితే చెప్పుల కొట్టు, పక్కన మెట్లు,
పైన చీకటి గదిలో అయిదు వీడియో గేములు.
గోడవారది పాతది, దాని పుల్ల కాస్త వదులు.
అంకెలు అయిదే పడతాయి,
లక్షకి చేరబోతూ మళ్ళీ సున్నాకి వచ్చేస్తుంది.
సున్నా అయినప్పుడల్లా గోడమీద సుద్దగీత గీయడం
చిల్లర బిళ్ళల కుర్రాణ్ణి, నా పని.

శుక్రవారం నాలుగున్నరకి
కారి పోలిరాజు ఒకే ఒక్క రూపాయి వేశాడు.
పెదజాలరిపేట మనిషి.
రాత్రంతా తాడు మీద చెయ్యేసి కూచోడం ఆళ్ళింట్లో పుట్టిన విద్య.
"తొందరపడి లాగితే తెగిపోద్ది" అనేవాడు
తెరమీద రాళ్ళు పగులుతుంటే.

మద్రాసులో ఎవడో పద్దెనిమిది గంటలు ఆడాట్ట.
హార్బర్లో దిగిన ఒక ఓడ కళాసీ
మా దేశంలో రెండు రోజులన్నాడు.
అర్ధరాత్రికి మెట్లమీద కూడా జనం.
ఓనరు సన్యాసిశెట్టి మాత్రం
రూపాయికి ఎంత కరెంటు కాలిందో లెక్కేసుకుంటూ
సోడాలు అమ్ముకున్నాడు.

రెండింటికి, పోగేసిన ప్రాణాలు తెర అంచున పట్టక
బయటికి పోయాక, పోలిరాజు లేచాడు.
వెనక అతని ప్రాణాలు ఒక్కోటే పేలిపోతున్నాయి.
తొమ్మిది పోయాయి.
చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి
"ఉన్నవి చాల్లే" అన్నాడు.

తెల్లారగట్ల నాకు కునుకు పట్టింది.
లేచేసరికి తెరమీద ఇరవై రెండు వేలు.
నిద్రకి ముందు ఎంతుందో గుర్తులేదు.
ఎవరూ నన్ను చూడ్డం లేదు.
ఒక గీత గీశాను.

శనివారం రాత్రి ఏడుకి పది నిమిషాలుండగా
కరెంటు పోయింది.
ఎవరూ మాట్లాడలేదు.
చీకట్లో పుల్ల కిర్రుమంటూనే ఉంది.
చాలాసేపు ఉంది.
కరెంటొచ్చాక మిషను ఏమీ ఎరగనట్టు
బిళ్ళ వెయ్యమని అడిగింది.

గోడమీద నూట ముప్పై ఒక్క గీతలు.
తర్వాత సున్నం కొట్టారు. తర్వాత గోడే కొట్టేశారు.

మొన్న ఫిషింగ్ హార్బర్లో కనిపించాడు,
బోటు ఇంజన్లు బాగుచేస్తున్నాడు, కుడి మణికట్టుకి గుడ్డకట్టు.
మనవణ్ణి పిలిచాడు.
"నూట ముప్పై ఒకటంటే నమ్మవు కదరా,
ఇదిగో, సాక్షి."

ఇంజను దడదడలాడుతోంది.
పిల్లాడు నా మొహంకేసి చూశాడు.
తలూపాను.