ఉప్పు తిన్న పడవ

మా పెద్దింట్లమ్మకి ఉప్పు తెలియదు.
సీతానగరం రేవులో పుట్టి
బ్యారేజీకి ఎగువనే పెరిగిన పడవ.
దానికి తెలిసిందల్లా గుర్రపుడెక్క, ఒండ్రు,
భవానీ ద్వీపం దాకా పోయొచ్చే జంటల నవ్వులు.

కార్తీక పున్నమికి సూర్యలంకలో
మునకల జనం ఇసకంత మంది,
మునిగినవాళ్ళని ఎత్తడానికి పడవ కావాలన్నారు.
రెండ్రోజులకి పన్నెండు వేలు. పెట్రోలు వాళ్ళదే.

ఆటోనగర్ మస్తాన్‌వలి
ఇంజను కింద పడుకునే మాట్లాడతాడు.
"సముద్రానికా? ఈ బిళ్ళ నదికే పనికొచ్చుద్ది.
జింకుది బిగిస్తన్నా.
ఉప్పుకి ఏదో ఒకటి తినాల. దీన్ని తిననీ,
పడవ జోలికి రాకండా."
వేలు మునిగేదాకా చక్రాల్లో గ్రీజు కూరాడు.
"దారంతా తిరిగి కాగుంటయ్.
ఆ వేడి మీదే నీళ్ళలోకి దింపావా,
గుటకేసి ఉప్పు మింగుతయ్.
బీడీ కాల్చుకో. రెండు కాల్చుకో.
చెయ్యి పెడితే చల్లగా తగలాల, అప్పుడు దింపు.
లైట్ల వైరు పీకెయ్.
పైకి లాగంగానే మంచినీళ్ళు పట్టు, ఆరనివ్వకు.
ఉప్పు తిన్నది నీళ్ళు తాగాల్సిందే గదన్నా."

అందుకని రెండు నీలం డ్రమ్ములు,
మా రేవులోనే నింపి ఆటోకెత్తాను.
"సముద్రానికి నీళ్ళు మోస్తన్నావా" అంది నాంచారమ్మ.
మంగళగిరి, తెనాలి, పొన్నూరు
దారి పొడుగునా డ్రమ్ముల్లో కృష్ణ గొణుగుతూనే ఉంది.
నేను మోయకపోయినా
హంసలదీవి దగ్గర అక్కడికే చేరే నీళ్ళు.

మొదటి అల ముందు
కొండముచ్చుని చూసిన కుక్కపిల్లలా ఆగింది పడవ.
తర్వాత నాకన్నా ముందే నేర్చుకుంది.

రెండోరోజు పదకొండింటికి
ఒక ఎర్ర నిక్కరు తేలి, మునిగి, తేలింది.
జుట్టు పట్టి లాగాను.
పదేళ్ళుంటాయేమో.
పడవ అడుగున సముద్రాన్ని కక్కి
"మండుతున్నయ్" అన్నాడు, కళ్ళు తెరవకుండా.
ఒడ్డున వాడి మేనత్త
తడిసిన కొంగుతోనే కళ్ళు తుడవబోయింది.
కొంగు నిండా ఉప్పే.

డ్రమ్ము మూత తీశాను.
చెంబు తర్వాత చెంబు.
వాడి కళ్ళు, వాడి నోరు, తర్వాత ఆమె మొహం,
వాడి కోసం అలల్లోకి దూకిన ఇద్దరు కుర్రాళ్ళు,
ఆ తర్వాత ఎవరో.
"మంచినీళ్ళేనా?" అని అడిగారు,
"మంచినీళ్ళే" అన్నాను.
దోసిళ్ళు ఆగలేదు. నేనూ ఆపలేదు.

సాయంత్రానికి మిగిలిన డ్రమ్ము ఇంజను తాగింది.
రెండు చెవులకీ కప్పులు బిగించి తిప్పితే
గుటకలు గుటకలుగా తాగి
వెచ్చగా ఉమ్మింది.
ఉమ్మిన చుక్క నాలిక మీద వేసుకుని చూశాను,
చప్పగా అయ్యేదాకా తాగించాను.
ట్రైలరుకి మిగిలింది నాలుగు చెంబులు.
చక్రాలకి రెండు. కమాను కట్టలకి రెండు.
లోపల బోలుగా ఉండే గొట్టాలకి
తువ్వాలు చూపించి ఊరుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట.
కుళాయి ఐదున్నరకి గానీ రాదు.
పొద్దున నాంచారమ్మ గొట్టం పట్టింది,
పదకొండు షాంపూ పేకెట్లు చింపింది,
"నా తలకి పోసిన పాపాన పోలేదు" అంటూ
కొక్కేలూ తాళ్ళూ బిరడా
వేలు దూరిన ప్రతి సందూ కడిగింది.
కానీ రాత్రి నాలుగు గంటలు
గొట్టంలో ఉప్పు ఒక్కతే కూర్చుంది కదా.

మాఘంలో ఎడమ కమాను బోల్టు తిరగనంది.
పానా జారి మస్తాన్‌వలి కణుపు చిట్లింది.
చొంగలా కారిన ఎర్రటి తుప్పు చూపించి
"ఇక్కడ పట్టలేదు నువ్వు.
దీని నీళ్ళు ఎవరు తాగారన్నా?"

పేరు చెబుదామనుకున్నాను.
అడిగితే కదా.
"ఎర్ర నిక్కరు" అన్నాను.
వాడు నాకేసి ఒకసారి చూసి
కటింగు మిషను ఆన్ చేశాడు.

కొత్త బోల్టుకి నూట ఎనభై.
సగం తినేసిన జింకు బిళ్ళ మార్చినందుకు ఇంకో మూడొందలు.
పాత బోల్టు నాకిమ్మన్నాను.
ఆటోనగర్ గేటు దాటాక
ఎవరూ చూడకుండా నాలిక్కి ఆనించాను.

ఇంకా ఉప్పగానే ఉంది.