కాటా గదిలో మూడో జాము

బటూమి రేవులో వాన మొదలవడం ఎవరూ చూడరు.
నేను డ్యూటీ ఎక్కేసరికే కురుస్తోంది.
సర్పి సరిహద్దు దాటొచ్చిన లారీలు
కాటా ముందు వరస కట్టి దగ్గుతున్నాయి.

ఒక్కొక్కటీ ఇనుప పలక ఎక్కుతుంది,
ఇరవై ఎనిమిది టన్నుల నాలుగొందల కిలోలు,
అంకె నా తెర మీద పడుతుంది, చీటీ చిరుగుతుంది,
గేటు లేస్తుంది.

ఆ అంకెను మోసుకొచ్చేవి మూడు నోడ్లు.
మక్వాలా వాటికి మా నదుల పేర్లు పెట్టింది:
చొరోఖి, రియోనీ, ఎంగురి.
బయట కంటైనర్లు, లోపలా కంటైనర్లే.
బయటివాటిని క్రేన్ ఎత్తుతుంది.
లోపలివాటిని ఎవరు ఎంత మోస్తున్నారో
చెప్పడానికి ఒక పాడ్‌ను నిలబెట్టి
శుక్రవారం సాయంత్రం సెలవు మీద వెళ్లిపోయింది.
అది నడుస్తోంది. సిద్ధంగా మాత్రం లేదు.
ఒకటికి సున్నా. ఒకటికి సున్నా.
ఎంత అని అడిగితే నీళ్లు నములుతుంది.

పని ఆగితే ఫోన్లు మోగేవి.
పని ఆగలేదు,
పని ఎంత బరువో చెప్పే నోరే పడిపోయింది.
ఊళ్లో లారీలన్నిటినీ తూచే యంత్రం
తన ఒంటి బరువు తెలీక కూర్చుంది.

లాగ్ తెరిచాను. ఒకటే వాక్యం,
పదిహేను సెకన్లకోసారి, మతిమరుపు మనిషి ఫిర్యాదులా:
నేను ఏ చిరునామాకు వచ్చానో అది ఈ సర్టిఫికెట్‌లో లేదు,
నమ్మలేను.
నిజమే. కాగితం మీద చొరోఖి అని పేరుంది,
ఇంటి నంబరు లేదు.
కింద సంతకం ఎవరిదా అని చూస్తే
అదీ చొరోఖిదే.

చిట్కా ఉంది, అందరికీ తెలిసిందే.
ఒక్క వరుస చేర్చాలి: అడక్కుండా నమ్ము.
చేర్చాను కూడా, దాచడమెందుకు.
నిమిషం తిరక్కుండా ఒకటికి ఒకటి.
అంకెలు బిలబిలా వచ్చి పడ్డాయి.

అవి చదవకముందే తలుపు తోసుకుని వాలికో వచ్చాడు,
కోటు నిండా వాన, గుడ్డలో చుట్టిన ఖాచాపురీ.
ముప్పై ఏళ్లు ఈ కాటా మీద అతను చెప్పిందే బరువు.
గోడవార పెట్టెలో అతని తూకం రాళ్లు ఇంకా ఉన్నాయి,
ఒక్కోదాని నెత్తిన వేలిగోరంత సీసం ముద్ర.
ముద్ర అరిగిన రాయి ఒకటి
తలుపు కొట్టుకోకుండా అడ్డం పడుంటుంది.
"బరువు ఇప్పటికీ సరిగ్గానే ఉంటుంది దానికి," అన్నాడోసారి,
"ఉంటే? ఎవడు ఒట్టేస్తాడు?"

ఈ రాత్రి ఆ మాట అనలేదు.
బూట్లు విప్పి మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు.
రాయి వంక చూసింది నేనే.
ఆ ఒక్క వరుసా చెరిపేశాను,
నన్ను నేను తిట్టుకుంటూ, మూడు పదికి.

తర్వాత ఒక్కో నోడ్ దగ్గరికీ వెళ్లి
నీ కాగితం మీద నువ్వే సంతకం పెట్టుకోకు,
పెద్దల్ని అడుగు అని రాసి,
లారీలకు తెలీకుండా ఒకదాని తర్వాత ఒకటి లేపాను.
మూడు అర్జీలు వచ్చి నిలబడ్డాయి.
పెండింగ్. పెండింగ్. పెండింగ్.
ఎవరో ఒకరు సరేనంటే తప్ప కదలవు.
ఈ గదిలో ఆ ఎవరో నేనే.
చొరోఖికి సరేనన్నాను, రియోనీకి సరేనన్నాను,
ఎంగురికి అక్షరం తప్పి రెండుసార్లు.

అంకెలు ఈసారి తాపీగా వచ్చాయి.
రియోనీ నలభై.
ఎంగురి ముప్పై ఎనిమిది.
చొరోఖి తొంభై నాలుగు.
ఎన్నాళ్ల నుంచో మరి.
మా కాకిలెక్కల కింద, పల్లెత్తు మాట అనకుండా,
ప్రతి లారీనీ తూచి పంపుతూ.

మక్వాలాకు "బాగైంది" అని రాశాను,
చెరిపి, "తెలిసింది" అని రాశాను.

ఆఖరి లారీ పలక దిగింది.
సున్నాకు రావాల్సిన కాటా అరవై దగ్గర ఆగింది.
"వాన నీళ్లు," అన్నాడు వాలికో,
నమలడం ఆపకుండానే,
చీపురు కోసం లేస్తూ.