నల్లపొడి

కిటికీలు మూసినా వస్తుంది సముద్రం,
లాసన్స్ బే దగ్గర బయల్దేరి
మా ల్యాబు తలుపు కింది సందులోంచి,
ఆగస్టు నెల పొడుగునా.
రికార్డు పుస్తకాల అట్టలు వంకర్లు పోతాయి.
తూచడానికి తీసిన కార్బొనేట్
కాటాలో అంకె కుదురుకునేలోపే ముద్దవుతుంది.
నా జుట్టు సంగతి సరేసరి.

ఈథర్‌లోకి మాత్రం
ఒక్క చుక్క రాకూడదు.

అందుకని సోడియం తీగ వేసి, బెంజోఫినోన్ వేసి
సిరానీలం తేలేదాకా మరిగించాను.
డాబా ఎక్కితే ఇంకో నీలం కనిపిస్తుంది,
యారాడ కొండ దాకా.
అది నీళ్ళున్నాయని చెప్పే నీలం.
ఇది లేవని చెప్పేది.
నాలుగేళ్ళుగా నేను
ఈ రెండింటి మధ్య బస్సు దిగి నడుస్తున్నాను.

ఫ్లాస్కులు రాత్రంతా ఓవెన్లో కాలాయి.
నైట్రోజన్ నింపింది
పూర్ణా మార్కెట్లో డజను లెక్కన కొన్న
పుట్టినరోజు బెలూన్లలో;
ఒకదాని మీద ఏనుగు బొమ్మ కూడా ఉంది.
అడుగున మెగ్నీషియం రజను,
పైనుంచి చుక్కచుక్కగా బ్రోమైడు.

ఏమీ లేదు.

అయొడిన్ పలుకు ఒకటి వేశాను.
గోధుమరంగు అలాగే నిలబడిపోయింది
మద్దిలపాలెం జంక్షన్లో సిటీ బస్సులా.
రెండు అరచేతుల మధ్య ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాను.
ఇదీ ఒక పద్ధతే,
ఏ పరిశోధన పత్రంలోనూ రాయరు.

పదిన్నరకి లైట్లార్పడానికి వచ్చాడు అసిరినాయుడు.
"ఏటమ్మా, ఇంకా రగల్నేదా?
గాజుకడ్డీ ఎట్టి నలిపియ్యి.
పైన పొరుంటాది. అది పోతేగాని మాటాడదు."

మూత తీసి, నైట్రోజన్ బుసకొడుతుండగా, నలిపాను.
కిర్రు. కిర్రు.
గోధుమరంగు తెల్లబోయింది.
ఒక బుడగ,
చాలాసేపటికి ఇంకొకటి,
ఆ తర్వాత ఈథర్ తనంతట తానే
కింద మంట లేకుండా మరగసాగింది.
అసిరినాయుడు అప్పటికే
మెట్ల మీద లైటు ఆర్పేశాడు.

ఇక పల్లేడియం, చిటికెలో చిటికె,
కంసాలి తక్కెడకి కూడా ఆననంత.
ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది, తాను మారదు:
ఇంటర్లో ఇది రెండు మార్కుల ప్రశ్న.
నాకు రెండూ వచ్చాయి.

తెల్లారి చూస్తే ఫ్లాస్కు గోడల నిండా మసి.

ఎన్ని వందల సార్లు తిరిగిందో!
ఒకదాన్ని పట్టుకుని, ఇంకొకదాన్ని వెతికి తెచ్చి,
రెండూ అతుక్కోగానే వదిలేసి
ఖాళీ చేతులతో మళ్ళీ మొదటికి.
ఆ తిరుగుడులో ఎక్కడో
తనని అంటిపెట్టుకుని ఉండాల్సిన లిగాండు జారిపోతే
ఇంకేం చేస్తుంది,
తనలాంటి ఒంటరి వాటినే వాటేసుకుని
నల్లబడింది.

అతినీలపు దీపం కింద పలక మీద కొత్త చుక్క.
చిన్నదే, ఉంది.
సాయంత్రానికి సిలికా గొట్టం దిగి
సీసాలో తెల్లగా కూర్చుంది.
ముప్పై ఒక్క శాతం.
"డెబ్బై దాటాక రాద్దాంలే" అన్నారు మేడం, కళ్ళజోడు తుడుచుకుంటూ.
మిగతా అరవై తొమ్మిదీ ఏమైనట్టు?
కొంత తారు, కొంత నా తొందర,
కొంత ఖాయంగా సముద్రం.

వడపోత కాగితం బుట్టలో పడెయ్యబోతే
అసిరినాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు.
బీరువా వెనకనుంచి హార్లిక్స్ సీసా తీశాడు.
అడుగునుంచి సగం దాకా నలుపు, దాని పైన నీళ్ళు.
శుద్ధికి పంపుదామని
పదిహేనేళ్ళుగా ఎవరో ఒకరు అంటూనే ఉన్నారట.
"ఈ కింద పొర శశిరేఖమ్మది.
ఈ బెత్తెడూ పరవాడ కంపెనీకి పోనాడే, ఆ బాబుది.
మూడుసార్లు ఏడిసినాడు ఈ బల్ల కాడే."
నా కాగితాన్ని దులిపి లోపలికి జార్చాడు.
నా పొర ఇంకా తేలుతూనే ఉంది.

"నీళ్ళు తగ్గినాయి, పొయ్యమ్మా.
ఆరిందంటే అంటుకుంటాది."

కుళాయి తిప్పి
సీసా అంచు దాకా పోశాను,
ఒక్క చుక్క కూడా లెక్కపెట్టకుండా.