ముక్కూ మొహం

ఆకుల మీద ఆశ పెట్టుకోకు, అన్నాడు మామ మొదటి రోజే.
అవి నలభై మీటర్ల పైన, కోతుల సొత్తు.
మనకి దక్కేది మొదలూ, బెరడూ,
పాదు దగ్గర రాలి కుళ్ళుతున్నవీ.

కత్తి మొనతో బొటనవేలంత చెక్కు లేపాలి.
అంతకంటే లోతుకి పోతే అది చూడడం కాదు, పొడవడం.
ఒక్కసారే పీల్చాలి.
రెండోసారి పీలిస్తే ముక్కు కథలు అల్లుతుంది.

ఉకయాలి నది వెనక్కి తగ్గిన జూలైలో
లీమా నుంచి వచ్చినవాళ్ళు అడవిని తాళ్ళతో గళ్ళు కట్టారు.
చెట్టుకో అల్యూమినియం బిళ్ళ, మేకు, నంబరు.
పేరు గడి మాత్రం ఖాళీ.
దానికోసం మామకి కబురు పెట్టారు.
ఎలెవుతేరియో అవానారి, ముప్ఫై ఏళ్ళుగా ఈ ఒడ్డుకి ముక్కు.

ఆ ముక్కు ఇప్పుడు పనిచెయ్యదు.
వానల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనని పట్టుకుపోయింది.
కాఫీ వేడినీళ్ళయింది. పొగ పెట్టిన చేప పీచయింది.
ముక్కుసూటి మనిషి, అయినా ఎవరికీ చెప్పలేదు.
నాకు చెప్పాడు.
నాకు కూలి కావాలి, ఆయనకి నేను కావాలి.

నూట పన్నెండు.
ఎర్రటి నీరు కారి వేలికి అంటుకుంది.
"కుమాలా," నేను నోరు తెరవకముందే.
నూట పదమూడు.
పాత చొక్కా విప్పేసినట్టు నున్నటి ఒళ్ళు,
చెంప ఆనిస్తే కుండలో నీళ్ళంత చల్లన.
"కపిరోనా. గుడ్డివాడైనా చెబుతాడు."
నూట పద్నాలుగు.
చెక్కు లేపి నా అరచేతిలో పెట్టి
తల పక్కకి తిప్పుకున్నాడు.

వాసన వచ్చింది. మాట రాలేదు.
"బాగుంది," అన్నాను.
"బాగుండడం ఏ చెట్టు పేరూ కాదు."
"తియ్యగా, కాస్త ఘాటుగా..."
"దేనిలా?"
కళ్ళు మూసుకున్నాను.
"ఒతిలియా టీచరు పంటినొప్పికి పెట్టుకునే దూదిలా. లవంగనూనె.
ఆ దూది తీసి సుద్దముక్కల డబ్బాలో దాచినట్టు."
నవ్వాడు. "మోయెనా. సుద్ద ఎక్కువా, లవంగం ఎక్కువా?"

మా ఊళ్ళో పేరు ముందు, ఇంటిపేరు వెనక.
చెట్లకి ఇంటిపేరే ముందు.
ఏ ఇంటిదో తేలితే, ఆ ఇంట్లో ఎన్నో పిల్లో
నిదానంగా అడగొచ్చు.

నూట ముప్ఫై ఒకటి దగ్గర నేనే చెక్కాను.
"వెల్లుల్లి!" అని కేక పెట్టాను.
చేత్తో తడిమి చూసి మామ పగలబడ్డాడు.
"నువ్వు చెక్కింది చెట్టుని కాదే, దాన్ని చుట్టుకున్న తీగని.
ఎవరు ఎవరి ఒళ్ళో ఉన్నారో ముందు చూడు."

మధ్యాహ్నం, ఆకుపొట్లం విప్పి
చేపముక్క నా ముక్కు దగ్గర పెట్టాడు.
"చెప్పు."
దీనికి నంబరు లేదు మామా, అనబోయి ఆగాను.
"పుల్లపొగ. నిమ్మ. తోక దగ్గర కాస్త మాడింది.
అడుగున నది."
ఆయన నమలడం నెమ్మదించింది.
కర్రపెండలం ముక్కకీ చెప్పించుకున్నాడు.
దానికి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా చెప్పాను.

నూట యాభై ఎనిమిది.
పాలు లేవు, జిగురు లేదు, పీచు లేదు.
పీల్చాను. నియమం తప్పి మళ్ళీ పీల్చాను.
"ఏమీ లేదు మామా."
ఆయన మొహం పాలిపోయింది.
"నీకూనా?"
గబుక్కున ఆయన చొక్కా చెయ్యి లాక్కుని వాసన చూశాను.
కిరసనాయిలు, పొగాకు, నిన్నటి వాన.
"నాకుంది. దీనికే లేదు."

ఊపిరి వదిలాడు.
"అయితే అదీ గుర్తే. రాసుకో."
వాసన: లేదు, అని రాశాను.
పేరు గడి దగ్గర పెన్సిల్ ఆగింది.
అన్నిటినీ ఇట్టే దాటుకొచ్చిన మనిషి
ఆ ముక్కూ మొహం తెలియని చెట్టు మీద అరచెయ్యి వేసి
చాలాసేపు నిలబడ్డాడు.
నేను నూట యాభై తొమ్మిదికి బిళ్ళ కొట్టి వచ్చేదాకా
అలాగే.